మూడో పూత సున్నం

కాంటా గల్లీలో ఇప్పుడు కాంటా లేదు. ఒకప్పుడు చెరుకు బండ్లు వరుసకట్టి తూకం వేయించుకున్న ఆ చోట ఇప్పుడు ఇరవై ఆరు ఇళ్లున్నాయి, మెథడిస్టు చర్చి వెనక గోడ ఉంది, ఆ గోడ అయిపోయిన దగ్గర బాపురావు గోదాం ఉంది. పేరు మాత్రం పోలేదు. బోధన్ బస్టాండులో ఆటో ఎక్కి కాంటా గల్లీ అంటే చాలు, ఎవరైనా తెచ్చి దింపుతారు. దింపాక పది రూపాయలు ఎక్కువ అడుగుతారు.

జ్ఞానమ్మ ఇల్లు సరిగ్గా గోదాముకు ఎదురుగా ఉంది. ఇన్నేళ్లలో ఆ గోదాం ఆమెను ఏమీ అనలేదు. ఎరువుల బస్తాలు వచ్చేవి, పోయేవి, వానాకాలంలో కాస్త వాసన కొట్టేది. ఈ ఏడు దసరా దాటాక దానికి అద్దాల తలుపులు వచ్చాయి, గోడ నిండా ఏసీ డబ్బాలు వచ్చాయి. బట్టల దుకాణం కాబోలని ఆడవాళ్లు సంబరపడ్డారు. నాలుగిళ్ల అవతల ఉండే రాజశేఖర్ సారు, బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, ఒక్కడే అనుమానపడ్డాడు.

"బట్టల దుకాన్ల గన్ని ఫ్రిజ్‌లు ఎందుకమ్మా?" అన్నాడు.

అది బారు. లోపల పెద్ద తెర, పాటల డబ్బాలు, రాత్రి పన్నెండింటి దాకా అనుమతి. చర్చి పక్కన బారేమిటని అడిగితే, ఎక్సైజు వాళ్లు టేపు పట్టుకొచ్చి గేటు నుంచి గేటుకు దారి వెంట కొలిచి, దూరం సరిపోయిందని రాసుకొని వెళ్లారు. చర్చి గేటు మెయిన్ రోడ్డు వైపు ఉంది మరి. దేవుడు గోడకు ఇవతల కూడా ఉంటాడా అన్నది వాళ్ల టేపుకు అందే లెక్క కాదు. ఇక మిగిలింది మున్సిపాలిటీ ఇచ్చే లైసెన్సు ఒక్కటే.

ఈ కబురు విన్న రోజు గల్లీలో ఎవరి భయం వారికి కలిగింది. పిండిగిర్ని నడిపే ప్రిస్కిల్లాకు కూతురు సుమన గుర్తొచ్చింది, ఆ పిల్ల కోచింగ్ అయ్యాక చీకటిపడే వేళ ఈ దారినే వస్తుంది. రాజశేఖర్ సారుకు తన నిద్ర గుర్తొచ్చింది. జ్ఞానమ్మ మాత్రం తల తిప్పి వాకిట్లో కుర్చీలో కూర్చున్న తన మనిషిని చూసింది.

ఆ మనిషి జోసెఫ్. షుగర్ ఫ్యాక్టరీలో పాకం మరిగే ప్యాన్ దగ్గర ఇరవై రెండేళ్లు పనిచేశాడు. చిటికెడు పాకం తీసి వేళ్ల మధ్య రుద్ది, గింజ కట్టిందో లేదో చెప్పేవాడు. గాజుపలకలు పెట్టుకొని చూసే ఇంజనీర్లు కూడా చివరికి, "జోసెఫ్ ఏమన్నడు?" అని అడిగేవారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ వేళ్లకు పని లేకుండా పోయింది. గ్లాసు దొరికింది. ఆ నెలలోనే అతను ఇంకో పని చేశాడు. ఇంటికి వెనక వైపు ఒక తలుపు ఉండేది, షిఫ్టుకు పోయే తలుపు. అది తీస్తే ఎదురుగా ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుంది. దాన్ని చూడలేనని ఆ తలుపు పీకేసి, ఇటుకలు పేర్చి మూసేశాడు. అప్పటినుంచి ఆ ఇంటికి ముందు వాకిలి ఒక్కటే దిక్కు.

తాగిన ఏళ్ల గురించి చెప్పుకోవడం జ్ఞానమ్మకు ఇష్టం లేదు, మనం కూడా అడగొద్దు. మానింది మాత్రం పోయిన క్రిస్మస్ నాడు. పాస్టరు ప్రార్థనలు చేసినన్నాళ్లు మానలేదు, జ్ఞానమ్మ ఉపవాసాలున్నా మానలేదు. నిజామాబాద్ నుంచి వచ్చిన కూతురు ఎస్తర్ తన నాలుగేళ్ల కొడుకును తాత దగ్గరికి పొమ్మంటే, వాడు తల్లి కొంగు వెనక దాక్కొని ముక్కు మూసుకున్నాడు. అంతే. ఆ రోజు నుంచి జోసెఫ్ ముట్టలేదు. ఇప్పుడు సెలవులకు ఆ పిల్లవాడు తాత పక్కనే పడుకుంటున్నాడు.

పదకొండు నెలలైంది. సాయంత్రం ఆరు గంటల వేళ అతనికి గండం. ఆ వేళకు వాకిట్లో కుర్చీ వేసుకొని, ఒళ్లో బెల్లం డబ్బా పెట్టుకొని కూర్చుంటాడు. ప్రాణం లాగినప్పుడల్లా ఒక ముక్క నోట్లో వేసుకొని, మందుబిళ్ల మింగినట్టు రుచి కూడా చూడకుండా మింగేస్తాడు. షుగరు వస్తుందని ఎస్తర్ ఫోన్లో కోప్పడితే, "రానియ్యి బిడ్డా, అది డాక్టర్‌కు చెప్పుకునేటి రోగమే గద" అన్నాడు.

ఆ కుర్చీకీ బారు అద్దాల తలుపుకీ మధ్య పన్నెండు అడుగుల సిమెంటు రోడ్డు ఉంది. జ్ఞానమ్మ భయమంతా ఆ పన్నెండు అడుగుల్లో ఉంది.

*

ఆదివారం ఆరాధన అయ్యాక గల్లీ అంతా చర్చి హాల్లో కూడింది. హిందువులు, క్రైస్తవులు అని లేదు, బారుకు ఎదురు తిరగడంలో అందరిదీ ఒకే మతం. రాజశేఖర్ సారు మున్సిపల్ ఆఫీసు నుంచి ఒక కాగితం సంపాదించుకొచ్చి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఇట్లాంటి లైసెన్స్ ఇచ్చే ముందు, అభ్యంతరాలు ఉంటే ఏడు దినాలల్ల చెప్పుండ్రని మన గల్లీల నోటీసు అంటియ్యాలె. ఇగో, నవంబరు మూడో తారీఖు అంటించినమని, ఎవ్వరూ ఏమనలేదని రాసుకున్నరు. మీల ఎవరన్న సూసిండ్రా?"

ఎవరూ చూడలేదు. చూస్తే చూశామని చెప్పే మనుషులే అందరూ.

"మరి ఏడ అంటించిండ్రట?" అని ప్రిస్కిల్లా అడిగింది.

"మన చర్చి గోడకేనట. ఆ గోడకు మనం పండుగ సున్నం ఏసింది ఒకటో తారీఖు, శనివారం. సోమవారం అంటిస్తే కొత్త సున్నం మీద నల్లగ కనబడాలె గద. కనబడలేదంటే అంటియ్యలేదన్నట్టు. మున్సిపల్ జవాను సాయన్న బాపురావు దగ్గర ఏదో తీసుకొని కాయితం దాచిపెట్టిండు. గిదొక్కటి సాలు, లైసెన్స్ కొట్టుకపోతది."

హాలంతా ఒక్కసారి తేలికపడింది. అర్జీ రాసి ఉంది, సంతకాలు పెట్టడమే తరువాయి. తన వంతు వచ్చాక జ్ఞానమ్మ కలం తీసుకొని, పక్కనే పెట్టిన నోటీసు నకలు మీద ఒక చూపు వేసింది. కింద కుడి మూలన గుండ్రటి నీలం ముద్ర ఉంది. సంతకం పెట్టేసింది. పెట్టాక ఆ ముద్ర వైపు మళ్లీ చూసింది.

ఆ ముద్రను ఆమె ఎరుగును.

ఇక్కడ సున్నం సంగతి చెప్పాలి. కోత పండుగకు, అంటే తొలి పంట దేవునికి తెచ్చిచ్చే ఆదివారానికి ముందు, ఆ చర్చి గోడకు కూలీలను పెట్టరు. పాతకాలం నుంచి గోడను ఇంటింటికీ పంచుకున్నారు. ఎవరి పాలు వారే గీకాలి, ఎవరి పాలుకు వారే సున్నం కొట్టాలి. ఒకరి పాలును ఇంకొకరు ముట్టరు, ముడితే అది పెద్ద మాటపట్టింపు. జ్ఞానమ్మది చిట్టచివరి పాలు, గోదామును ఆనుకున్నది, ఆ వారం అక్కడి పని సామాన్ల చాటున పడి ఎవరి కంటా పడలేదు. ఆ శనివారం అందరూ సున్నాలు వేస్తుంటే ఆమె ఊళ్లో లేదు. కమ్మర్‌పల్లిలో చెల్లెలికి పసుపు చేనులో పని పడి, జ్వరం కూడా వస్తే వెళ్లింది. బుధవారం దిగింది. గోడంతా పెండ్లికూతురిలా మెరుస్తుంటే తన పాలు ఒక్కటి మాసి కనిపించి సిగ్గుపడింది. గురువారం పొద్దున్నే, ఎవరూ లేవకముందే, నానబెట్టిన సున్నంలో కాస్త నీలిమందు కలుపుకొని ఒక్కతే పోయి కూర్చుంది.

గోడకు ఏటా ఉండే చెత్తే ఉంది. సినిమా బొమ్మలు, మొలల వైద్యుడు, స్పోకెన్ ఇంగ్లీషు. అన్నీ గీకింది. ఒక తెల్ల కాగితం మాత్రం ఊడలేదు. గోరుతో లాగింది, చీపురుతో రుద్దింది, నీళ్లు చల్లింది, రాలేదు. కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఇంటి పన్ను కాగితమో ఏదో అనుకొని దాని మీదే సున్నం వేసింది. మొదటి పూతకు అక్షరాలు పోయాయి. రెండో పూతకు కూడా ఆ నీలం ముద్ర పైకి తేలింది. పండుగ నాడు బిషపు వస్తారు, దేవుని గోడకు మచ్చ ఎలా వదిలేది? మూడో పూత వేసింది. అప్పుడు పోయింది.

ఈ ఆదివారం హాల్లోంచి ఇంటికి పోయే ముందు ఆమె గోడ దగ్గర ఆగి అరచేతితో తడిమింది. నునుపుగా ఉంది, తర్వాత సన్నటి అంచు తగిలింది. వేలు అంచు వెంట పోయింది, మూల తిరిగింది. పలక అంత కాగితం.

ఆ రాత్రి ఆమె చాలా తెలివైన ప్రార్థన చేసింది. దేవా, నా చేతులతో నువ్వే మూయించినవేమో, నాకేమెరుక, అంది. దేవుడు ఔననలేదు, కాదనలేదు. మనకు అనుకూలమైన సంగతుల్లో ఆయన మౌనాన్ని ఒప్పుకోలు అనుకోవడం మనకందరికీ అలవాటే.

*

మంగళవారం మధ్యాహ్నం సాయన్న గల్లీకి వచ్చాడు. నవీపేట వైపు మనిషి, పద్నాలుగేళ్లుగా మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగు జవాను. పొద్దున ఈల ఊదుతూ చెత్తబండితో వస్తాడు, పగలు నోటీసులు అంటిస్తాడు. ఇవాళ ఈల లేదు, బండి లేదు. చర్చి గోడ వెంట ఒంగి నడుస్తూ, చంటిబిడ్డ ఒళ్లు తడిమినట్టు గోడ తడుముతున్నాడు. ఒక చోట గోరుతో గీకాడు. ఇంకో చోట గీకాడు. కాస్త సున్నం రాలింది, అడుగున పాత సున్నమే కనిపించింది. గోడ అవతలి నుంచి ఎవరో చర్చి పెద్ద, "పండుగ సున్నం గీకకు" అని కసిరాడు. సాయన్న చేయి వెనక్కి తీసుకున్నాడు.

అతను గీకిన చోటుకు రెండు మూరల అవతల ఉంది కాగితం. వాకిట్లో బియ్యం ఏరుతున్న జ్ఞానమ్మకు తెలుసు. జరుగు తమ్మీ, ఇంకా జరుగు అనే మాట నాలుక కొస దాకా వచ్చింది.

"అక్కా, జర మంచినీళ్లిస్తవా?" అన్నాడు సాయన్న, ఇటు తిరిగి.

చెంబుతో ఇచ్చింది. తాగి, అరుగు కింద కూర్చున్నాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను గీ గోడకే అంటించిన అక్కా. గోదాంకు రంగు పచ్చిగుండె, అందుకే దీనికి అంటించిన. గని ఇప్పుడు సూస్తే లేదు. ఆ దినం అయిదు వార్డులల్ల పదకొండు కాయితాలు అంటించిన. ఇప్పుడు పండుకుంటే నాకే అనుమానమొస్తంది. నిజంగ అంటించిన్నా, అంటించిన అనుకుంటున్ననా అని."

"ఫోటో గీటో తియ్యవా?" అంది, ఏదో ఒకటి అనాలని.

"తీసిన. అచ్చరాలు మంచిగ రావాలని దగ్గరికి పోయి తీసిన. కాయితమే వచ్చింది, గోడ రాలే. గిది ఏ గోడనో ఎట్ల తెలుస్తది అంటున్నరు." చెంబు కింద పెట్టాడు. "మా ఇంటామె భూమవ్వ గంజి కాస్తది అక్కా. మైదాల జర మైలుతుత్తం కలుపుతది, పురుగు వట్టదు. నా కాయితం వానకు గూడ ఊడదు. ఏడికి పోతది అని ధీమాగ ఉన్న. ఇప్పుడు పైసలు తిన్నవంటున్నరు. నౌకరి పోతే పోయింది, ఆ మాటనే పడ్తలేను."

జ్ఞానమ్మ బియ్యంలోని రాళ్లు చూస్తూ ఉండిపోయింది. అతను లేచి, నీళ్లిచ్చినందుకు దండం పెట్టి పోయాడు. ఆ దండం ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

సాయంత్రం ఆరింటికి జోసెఫ్ కుర్చీ వేసుకున్నాక, ఆమె కింద కూర్చొని సంగతంతా చెప్పింది. కాగితం, ముద్ర, మూడు పూతలు, సాయన్న. చెప్తున్నంతసేపు అతనేమంటాడో ఆమెకు ముందే తెలిసినట్టు అనిపించింది. పోయి చెప్పు, ఒకరి నోటికాడి కూడు మనకెందుకు అంటాడు, తన గుండె బరువు దిగిపోతుంది. ముప్పై ఏళ్ల కాపురం మరి.

జోసెఫ్ ఎదురుగా అద్దాల తలుపును చూస్తూ బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు.

"చెప్పకు" అన్నాడు.

ఆమె విన్నది నమ్మలేదు.

"చెప్పకు జ్ఞానమ్మా. నాకు భయమైతంది. బజార్ల వైన్స్ దాక పోవాలంటే పది మంది మొకాలు సూసుకుంట పోవాలె. సారు మొకం, ప్రిస్కిల్లా మొకం, చర్చి గేటు. నేను రెండుసార్లు పోయిన, నీకెరుకలే. రెండుసార్లు గిర్ని కాడికెళ్లే వెనక్కి మర్లొచ్చిన. ఈడ పెడితే చెప్పులేసుకునేటి పని గూడ లేదు."

అతని చేయి మళ్లీ బెల్లం డబ్బాలోకి పోయింది. జ్ఞానమ్మ ఆ చేయి పట్టుకుంది. ఆ క్షణాన ఆమెకు సాయన్న మీద కోపం వచ్చింది, భూమవ్వ గంజి మీద కోపం వచ్చింది, ఊళ్లోని కాగితాలన్నీ ఊడుతుంటే ఆ ఒక్కటి ఊడనందుకు కోపం వచ్చింది.

*

విచారణ శుక్రవారం. మున్సిపల్ ఆఫీసులో పొడుగు బల్ల వెనక కొత్తగా వచ్చిన కమిషనర్ మేడం కూర్చుంది, కూతురు ఎస్తర్ వయసు ఉంటుందేమో. ఒక పక్క గల్లీ జనం, ఇంకో పక్క బాపురావు. మధ్యలో సాయన్న. అతనికి కుర్చీ వేయలేదు. గోడ దగ్గర ఒక ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. చేతి వేళ్లకు మైదా ఎండి తెల్లగా ఉంది. జ్ఞానమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

రాజశేఖర్ సారు బాగా మాట్లాడాడు. తారీఖులు, సున్నాలు, గోడలు అన్నీ వరుసగా చెప్పి, చివర, "లంచానికి అమ్ముడుపోయిన మనిషి" అన్నాడు. మంచి మనిషే, ఆయనకు తెలిసినంతలో అది నిజమే. మేడం సాయన్న వైపు తిరిగి, "నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని అడిగింది.

"అంటించిన మేడం" అన్నాడు సాయన్న. కాస్సేపటికి, "అంటించిన అనుకుంటున్న" అన్నాడు.

ఆ రెండో మాట విని భూమవ్వ తల దించుకుంది. పద్నాలుగేళ్లు గంజి కాచిన మనిషి తన మొగుడు తనను తానే నమ్మలేకపోవడం చూసింది. జ్ఞానమ్మకు అది బాగా తెలిసిన సంగతి. తన ఇంట్లో ఒక మనిషి పదకొండు నెలలుగా, తన మీద తనకు నమ్మకం లేకుండానే, రోజుకో సాయంత్రం గట్టెక్కుతున్నాడు.

ఆమె లేచి నిలబడింది. ప్రిస్కిల్లా, "ఏంది వదినా, నీళ్లు కావాల్నా?" అంది.

"ఆయన అంటించిండు మేడం" అంది జ్ఞానమ్మ. "నేను దాని మీద సున్నమేసిన. గురువారం నాడు. నా పాలు నేను ఆలస్యంగ ఏసిన, గది వీళ్లకెవ్వరికి ఎరుకలేదు. అర్జీ మీద సంతకం పెట్టినంక యాదికొచ్చింది. యాదికొచ్చి గూడ అయిదు దినాలు చెప్పలే. గది నా తప్పు."

రాజశేఖర్ సారు కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

అందరూ గల్లీకి నడిచి వచ్చారు. మేడం కూడా నడిచింది. జ్ఞానమ్మ గోడ మీద వేలు పెట్టి చూపించింది. సాయన్న తడిగుడ్డతో ఒత్తి, రేకు ముక్కతో మెల్లగా సున్నం తీశాడు. మూడో పూత రాలింది, ముద్ర నీలంగా తేలింది. రెండోది రాలింది, మొదటిది కూడా రాలాక అక్షరాలు, తారీఖు కనిపించాయి. ఒక్క మూల కూడా లేవలేదు. సాయన్న ఆ మూల మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"సూడే" అన్నాడు భార్యతో.

భూమవ్వ అందరి ముందూ ఏడ్చింది. జ్ఞానమ్మకూ కన్నీళ్లు వచ్చాయి, కానీ తనకు ఏడ్చే హక్కు లేదనుకొని ఆపుకుంది.

బాపురావు ఆమె దగ్గరికి వచ్చాడు. చెరుకు రైతు, ఫ్యాక్టరీ పోయాక ఎరువుల వ్యాపారం పెట్టి, అదీ నడవక బారుకు దిగిన మనిషి.

"అక్కా, నీ మేలు మర్వ" అన్నాడు.

"నీ కోసం చెప్పలే. నీ బారు నడవొద్దని ఇప్పటికీ దేవునికి మొక్కుతనే ఉన్న."

"మొక్కు అక్కా" అన్నాడు బాపురావు నెమ్మదిగా. "ఫ్యాక్టరీ తెరవాలని నేను గూడ పదేండ్లు మొక్కిన."

మేడం అక్కడే గోడ నీడలో నిలబడి తేల్చేసింది. కాగితం అంటించింది నిజం, జనం చూడలేదన్నదీ నిజం, కాబట్టి అభ్యంతరాలు ఇప్పుడు చెప్పమంది. అందరూ చెప్పారు. వారానికి ఉత్తర్వు వచ్చింది. పన్నెండింటి బదులు పదకొండింటికే మూయాలి, పాట గోడ దాటి వినిపించకూడదు, రోడ్డు మీద కుర్చీలు వేయకూడదు. సాయన్న ఉద్యోగం సాయన్నకు ఉంది. గల్లీ మొత్తం కలిసి గెలిచింది ఒక్క గంట.

ఆ ఒక్క గంటకు గల్లీ జ్ఞానమ్మకు థాంక్స్ చెప్పలేదు. మహిళా సమాజంలో ప్రార్థన చేయమని ఆమెను అడగడం మానేశారు. నల్లా దగ్గర బిందెలు జరిపేవారు, మాటలు కలిపేవారు కాదు. ప్రిస్కిల్లా అయితే మొహం మీదే అంది, "ఒక వారం నోరు మూసుకున్నదానివి, ఇంకో వారం మూసుకోలేకపోయినవా వదినా" అని. అందులో న్యాయం లేకపోలేదు, అందుకే అది ఎక్కువ నొప్పి పెట్టింది.

వాటన్నిటికంటే జోసెఫ్ మౌనం ఆమెను తినేసింది. తిట్టలేదు, అరవలేదు. మూడు రోజులు అన్నం తిన్నాడు, కుర్చీ వేసుకున్నాడు, అద్దాల తలుపు మీద ఎక్కిస్తున్న రంగు దీపాలను చూశాడు. సాయంత్రాలు ఆమె వంట మానుకొని గుమ్మంలోనే కూర్చునేది. నేను చెప్పకుండ ఉండలేకపోయిన అని ఒకసారి అంది. ఎరుక అన్నాడు. అంతే.

నాలుగో రోజు పొద్దున దబ్ దబ్ మని చప్పుడు విని ఆమె ఇంట్లోకి పరిగెత్తింది. జోసెఫ్ గడ్డపార పట్టుకొని వెనక గోడ పొడుస్తున్నాడు. ఒంటి మీద బనీను చెమటకు తడిసింది. ఒక ఇటుక ఊడి పడింది, రెండోది పడింది, ఆ సందులోంచి ఇంట్లోకి ఎండ వచ్చింది.

"ఏం జేస్తున్నవయ్యా?"

"ఇల్లు తిప్పుతున్న" అన్నాడు.

ముందు వాకిలి మూసేస్తాడట. వెనక తలుపు మళ్లీ తెరుస్తాడట. అప్పుడు బారుకు పోవాలంటే వెనక సందులోంచి చుట్టూ తిరిగి, ప్రిస్కిల్లా గిర్ని దాటి, సారు ఇల్లు దాటి, చర్చి గేటు దాటి రావాలి. పది మొహాలు మళ్లీ దారిలోకి వస్తాయి. జ్ఞానమ్మకు అర్థమైంది. అర్థమయ్యాక ఇంకోటి కూడా గుర్తొచ్చింది.

"అటు ఫ్యాక్టరీ కనబడ్తది గద. నువ్వే సూడలేనంటివి."

జోసెఫ్ గడ్డపార గోడకు ఆనించి, మెడ తుడుచుకున్నాడు.

"ఇటు సూస్తే తాగబుద్ధయితది. అటు సూస్తే ఏడ్పొస్తది" అన్నాడు. "ఏడ్సుడైతే ఇంట్ల కూసోని ఏడ్వొచ్చు."

మధ్యాహ్నానికి, ఎవరు చెప్పారో ఏమో, సాయన్న వచ్చాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి తాపీ అందుకున్నాడు. అడ్డుకోబోతే, "ఊకో అక్కా" అన్నాడు. వెనక గోడలోంచి తీసిన ఇటుకలనే మోసుకొచ్చి ముందు గుమ్మంలో పేర్చారు. వెనక గుమ్మానికి పాత తలుపే దొరికింది, ఇన్నాళ్లూ అటక మీద పడి ఉంది. సాయంత్రానికి బిగించారు. ఇంటి నంబరు పలక ముందు గోడ నుంచి ఊడదీసి సాయన్న వెనక తలుపు మీద కొట్టాడు, మున్సిపాలిటీ తరఫున అన్నట్టు గంభీరంగా.

ఆ తలుపులోంచి మొదట లోపలికి వచ్చింది ప్రిస్కిల్లా. సున్నం తొట్టి కావాలంది. పండుగ ఎప్పుడో అయిపోయాక ఆమెకు సున్నంతో పనేమిటో జ్ఞానమ్మ అడగలేదు. తొట్టి ఇచ్చి, చాయ్ పోసింది. ప్రిస్కిల్లా తాగి, కొత్త గుమ్మం బాగుందంది. పోతూ తొట్టి మరచిపోయింది.

బారు డిసెంబరు మొదటి వారంలో తెరిచారు. పాట గోడ దాటకూడదన్నారు గానీ, పాటలో డప్పు దెబ్బ పడినప్పుడల్లా ముందు గుమ్మంలోని ఇటుకలు సన్నగా అదిరాయి. ఆరు గంటలకు జోసెఫ్ కుర్చీ తీసుకొని వెనక తలుపు బయట వేసుకున్నాడు. ఎదురుగా ముళ్లచెట్లు, వాటి అవతల పొగ లేని పొగగొట్టం, దాని మీద ఎర్రటి ఎండ. జ్ఞానమ్మ గడప మీద కూర్చుంది. అతను ఆ గొట్టాన్ని చూడలేదు, నేల చూశాడు. కాసేపటికి తలెత్తి చూశాడు. భుజాలు కదిలాయి. ఇన్నేళ్లలో తాగి ఏడ్చినదే గానీ తాగకుండా ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. బెల్లం డబ్బా అందించింది.

అతను ముక్క తీసుకున్నాడు. నోట్లో వేసుకోబోయి ఆగాడు. అంచు విరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు, మళ్లీ రుద్దాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"పాకం జర ముందే దించిండ్రు" అన్నాడు. "గింజ కట్టలే."

"మరి రేపు వేరే బెల్లం తేవాల్నా?" అంది జ్ఞానమ్మ.

"నేను వస్త. సూసి తెద్దాం" అని, ఆ ముక్క నోట్లో వేసుకొని మెల్లగా చప్పరించాడు.